ఏళ్ల తరబడి వాడాక జీపీయూ-జెడ్ గురించి

గేములాడే కంప్యూటర్ ఇంట్లో ఉంటే అందులో తప్పకుండా ఉండాల్సిన సాఫ్ట్‌వేర్ ఏదని ఎవరడిగినా నేను గ్రాఫిక్స్ కార్డు (జీపీయూ) వివరాలన్నీ చూపించే జీపీయూ-జెడ్ పేరే చెబుతాను. టెక్‌పవర్‌అప్ అనే వెబ్‌సైట్ వాళ్లు 2007 నుంచి దీన్ని ఉచితంగా ఇస్తున్నారు. చిన్న ఫైల్, ఇన్‌స్టాల్ చేయకుండానే తెరుచుకుంటుంది, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చు. విజయవాడలో మా ఇంటి కంప్యూటర్‌లో జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు పెట్టిన రోజు నుంచీ ఇది వాడుతున్నాను. చుట్టాలో స్నేహితులో "గేమ్ ఆగి ఆగి వస్తోంది, ఒకసారి చూసిపెట్టవా" అన్నా ముందు తెరిచేది దీన్నే.

విండోస్‌లో ఉన్నవి సరిపోవా అంటే, కొంతవరకు సరిపోతాయి. రన్‌లో డీఎక్స్‌డయాగ్ అని కొడితే డిస్‌ప్లే ట్యాబ్‌లో కార్డు పేరు వస్తుంది. టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ కింద జీపీయూ లోడ్, మెమరీ వాడకం కనిపిస్తాయి. కానీ చిప్ లోపల ఏముందో అవి చెప్పవు. పైగా డీఎక్స్‌డయాగ్ చూపే మొత్తం మెమరీలో ర్యామ్ నుంచి పంచుకునే భాగం కూడా కలిసి ఉంటుంది. 16 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్‌లో 4 జీబీ కార్డుకు 12 జీబీ అని కనిపించడం మామూలే. అది చూసి పెద్ద గేమ్ కొనేస్తే డబ్బులు వృథా.

కార్డు పేరు మాత్రమే చూసుకుంటే ఎంత తేడా వస్తుందో జీటీ 1030 సంగతి చూస్తే అర్థమవుతుంది. 2017లో అది జీడీడీఆర్5 మెమరీతో వచ్చింది, బ్యాండ్‌విడ్త్ (మెమరీ నుంచి డేటా కదిలే వేగం) సెకనుకు 48 జీబీ. 2018లో అదే పేరుతో డీడీఆర్4 మెమరీ పెట్టిన ఇంకో కార్డు వచ్చింది. దాని బ్యాండ్‌విడ్త్ సెకనుకు 17 జీబీ లోపే. జీటీఎక్స్ 1060లో 3 జీబీ కార్డుకు మెమరీతో పాటు షేడర్లు (చిప్‌లో బొమ్మల లెక్కలు చేసే చిన్న యూనిట్లు) కూడా తక్కువ: 6 జీబీ కార్డులో 1280 ఉంటే ఇందులో 1152. నా 1650లోనూ రెండు రకాలున్నాయి. 2019లో వచ్చిన జీడీడీఆర్5 కార్డుకు సెకనుకు 128 జీబీ, ఆ తర్వాతి ఏడు వచ్చిన జీడీడీఆర్6 కార్డుకు 192 జీబీ. నాది మొదటి రకం. ఈ వివరాలన్నీ జీపీయూ-జెడ్ మొదటి పేజీలోనే ఉంటాయి. మెమరీ టైప్, బస్ విడ్త్, బ్యాండ్‌విడ్త్, షేడర్లు. పైన కుడివైపు లుకప్ అనే బటన్ నొక్కితే ఆ కార్డుకు నిజంగా ఉండాల్సిన అంకెలున్న పేజీ తెరుచుకుంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి సరిచూసుకోవచ్చు. సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు ఛాసిస్ నంబర్ చూసుకున్నట్టే ఇదీ.

దీని విలువ నాకు బాగా తెలిసొచ్చింది గుంటూరులో మా మేనల్లుడి దగ్గర. ఇంటర్ పరీక్షలయ్యాక దాచుకున్న డబ్బులతో ఒక వాడిన కార్డు కొన్నాడు. "మావయ్యా, 1050 టీఐ, 4 జీబీ, చాలా తక్కువకి ఇచ్చాడు. గేమ్ మాత్రం ఓపెన్ కావట్లేదు" అన్నాడు. కార్డు వెనక చూస్తేనే అనుమానం వచ్చింది. నీలిరంగు వీజీఏ పోర్టు ఉంది. ఎన్విడియా 10 సిరీస్ చిప్‌ల నుంచి అనలాగ్ సిగ్నలే రాదు, ఇక ఆ పోర్టు ఎందుకుంటుంది? జీపీయూ-జెడ్ తెరిచాం. కంపెనీ లోగో ఉండాల్సిన చోట హెచ్చరిక త్రికోణం, పేరుకు ముందు బ్రాకెట్లలో ఫేక్ అన్న మాట. షేడర్లు 192. అసలు 1050 టీఐలో 768 ఉండాలి. టెక్నాలజీ (చిప్ తయారీ కొలత) దగ్గర 14 బదులు 40 నానోమీటర్లు. అంటే ఎప్పటిదో పాత ఫెర్మీ తరం కార్డుకు బయాస్ (కార్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) మార్చి, కొత్త పేరు పెట్టి అంటగట్టారు. విండోస్‌లో చూస్తే మాత్రం శుభ్రంగా 1050 టీఐ అనే ఉంది. అమ్మినవాడు ఆ తర్వాత ఫోన్ తీయలేదు. పిల్లవాడి మొహం చూడలేకపోయాను. ఈ నకిలీలను పట్టుకునే ఏర్పాటు జీపీయూ-జెడ్‌లోకి 2018లో వచ్చింది. వాడిన కార్డులు కొనేవాళ్లకు దీనికంటే పెద్ద మేలు ఇంకొకటి లేదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

కార్డు మదర్‌బోర్డుతో మాట్లాడే పీసీఐఈ దారిని చూపే బస్ ఇంటర్‌ఫేస్ అనే వరుసను చాలామంది పట్టించుకోరు. కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడు అక్కడ 1.1 అని కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, కరెంటు ఆదా కోసం కార్డు తనే వేగం తగ్గించుకుంటుంది. పక్కనే ఉన్న ప్రశ్న గుర్తు నొక్కితే చిన్న రెండర్ టెస్ట్ మొదలవుతుంది, అప్పుడు అసలు వేగం కనిపిస్తుంది. మా వీధిలో ఒకాయన కంప్యూటర్‌లో ఆ టెస్ట్ నడుస్తున్నా ఆ దారి వెడల్పు x4 దాటలేదు. కేసు తెరిచి చూస్తే కార్డును కింది స్లాట్‌లో పెట్టారు. పై స్లాట్‌లోకి మార్చగానే x16 వచ్చింది. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ లాంటి కార్డులకు మాత్రం పుట్టుకతోనే x4 కనెక్షన్. పీసీఐఈ 3.0 ఉన్న పాత బోర్డులో పెడితే పనితీరు తగ్గుతుంది, దానికి మందు లేదు.

నేను ఎక్కువసేపు గడిపేది సెన్సర్స్ ట్యాబ్‌లో. గేమ్ ఆడుతున్నంతసేపూ దీన్ని వెనక నడవనిచ్చి, ఆపాక వచ్చి చూస్తాను. ఒక్కో రీడింగ్ పక్కన ఉన్న బాణం నొక్కితే గరిష్ఠం, కనిష్ఠం, సగటు దేన్నైనా చూపించమనొచ్చు. ఫ్రేములు (సెకనుకు తెర మీద వచ్చే బొమ్మలు) తక్కువగా వస్తున్నా జీపీయూ లోడ్ 50, 60 శాతం దగ్గరే తిరుగుతోందంటే, ఫ్రేములకు పరిమితి ఏదీ పెట్టలేదని చూసుకున్నాక, ప్రాసెసర్‌నే అనుమానించాలి. అలాంటప్పుడు కొత్త కార్డు కొన్నా పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. మెమరీ యూజ్డ్ 4 జీబీ అంచుకు చేరి, అక్కడి నుంచి గేమ్ కుదుపులు మొదలైతే టెక్స్‌చర్ సెట్టింగ్ ఒక మెట్టు దించితే చాలు. నా కార్డు విషయంలో నేను పదే పదే చేసే సర్దుబాటు అదే.

ఎన్విడియా కార్డులకు పెర్ఫ్‌క్యాప్ రీజన్ అని ఒక వరుస ఉంటుంది. క్లాక్ (చిప్ వేగం) ఇంకా పైకి ఎందుకు పోవట్లేదో అది చెబుతుంది. నా 1650 పవర్ కేబుల్ లేకుండా స్లాట్ నుంచే 75 వాట్లతో నడుస్తుంది కాబట్టి మామూలుగా అక్కడ పవర్ అనే కనిపిస్తుంది. ఒక మే నెల మధ్యాహ్నం అది థర్మల్ అని మారింది. బయట వడగాడ్పులు, గదిలో ఏసీ లేదు. కార్డు వేడి 84 డిగ్రీలు, క్లాక్ 1800 మెగాహెర్ట్జ్ నుంచి 1500ల్లోకి పడిపోయింది. రీడింగులన్నీ ఫైల్‌లో రాసిపెట్టే లాగ్ టు ఫైల్ పెట్టుకోవడం నాకు అలవాటు. జనవరి నాటి లాగ్ తీసి చూస్తే అదే గేమ్‌లో 70 దాటలేదు. ఎండ వల్ల కొంత, దుమ్ము వల్ల కొంత అని అర్థమైంది. ఫ్యాన్ విప్పి, హీట్‌సింక్ సందుల్లో పేరుకున్న దుమ్మును బ్రష్‌తో దులిపి, ఎండిపోయిన థర్మల్ పేస్ట్ తీసేసి కొత్తది రాశాను. మర్నాడు అంతే ఎండలో 76 దగ్గర ఆగింది. గేమ్ బాగా రావట్లేదని కొత్త కార్డు కోసం షాపుకు వెళ్లేవాళ్లలో కొందరికి ఈ పాటి శుభ్రం చేస్తే సరిపోతుంది.

లోటుపాట్లూ ఉన్నాయి. ఇది విండోస్‌లో మాత్రమే నడుస్తుంది. గేమ్ తెర మీద ఫ్రేములు చూపించదు. దానికి ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్, దాంతో పాటు వచ్చే రివాట్యూనర్ పెట్టుకోవాలి. కొత్తవాళ్లకు మొదటి పేజీ భయపెడుతుంది. ఏ అంకె ముఖ్యమో, దేన్ని వదిలేయొచ్చో అక్కడ తెలియదు, డబ్బాల మీద మౌస్ పెడితే వచ్చే చిన్న వివరణే ఆధారం. ల్యాప్‌టాప్‌లో రెండు జీపీయూలుంటే కింద ఉన్న జాబితాలో సరైనదాన్ని మనమే ఎంచుకోవాలి. అన్నట్టు, ల్యాప్‌టాప్ కొనేవాళ్లు వాట్లు తప్పకుండా అడగండి. ఆర్‌టీఎక్స్ 3050 అన్న ఒకే పేరు మీద 35 వాట్ల నుంచి 80 వాట్ల దాకా ఉంటాయి. గేమ్ నడుస్తున్నప్పుడు సెన్సర్స్‌లో పవర్ వరుస చూస్తే మీది ఎంత లాగుతోందో తెలుస్తుంది.

నన్ను బాగా ఇబ్బంది పెట్టే లోటు ఇంకొకటుంది. కార్డులోని మెమరీ చెడిపోయిందో లేదో జీపీయూ-జెడ్ పరీక్షించదు. వాడిన కార్డుల్లో తరచూ పాడయ్యేది అదే. తెర మీద చుక్కలు, అడ్డగీతలు, రంగురంగుల గళ్లు వస్తాయి. జీపీయూ-జెడ్‌లో మాత్రం అంకెలన్నీ సరిగ్గానే ఉంటాయి. అందుకే వాడిన కార్డు చూడ్డానికి వెళ్లేటప్పుడు నా పెన్‌డ్రైవ్‌లో ఓసీసీటీ కూడా ఉంటుంది. అందులో వీర్యామ్ (కార్డు మెమరీ) టెస్ట్ ఉంది, సొంత వాడకానికి ఉచితం. ముందు జీపీయూ-జెడ్ మొదటి పేజీ చూసి, తర్వాత కార్డు మీద భారం పెట్టే ఫర్‌మార్క్‌తో పావుగంట వేడెక్కించి సెన్సర్లు గమనించి, చివర్లో వీర్యామ్ టెస్ట్ పెడతాను. అమ్మేవాళ్లు అంతసేపు కూర్చోనివ్వకపోతే డబ్బులు ఇవ్వకుండా వచ్చేస్తాను.