జర్మన్ రిబ్బన్ బార్లకు 365 యూవీ టార్చ్: ఎక్కడ నమ్మాలి, ఎక్కడ నమ్మకూడదు

కైజర్ల (జర్మన్ చక్రవర్తుల) కాలం నాటి జర్మన్ పతకాలు, రిబ్బన్ బార్లు (పతకాల రిబ్బన్లను వరసగా ఒక పట్టీ మీద కుట్టినవి) కొనేవారికి యూవీ (అతినీలలోహిత) టార్చ్ తప్పనిసరి. దాని వెలుతురులో కొత్త దారం నీలంగా మెరిసి నకిలీని పట్టిస్తుంది. కాని చవగ్గా దొరికే ఊదా టార్చ్‌లలో ఎక్కువ భాగం 395 నానోమీటర్ల తరంగదైర్ఘ్యంవి. కంటికి కనిపించే ఊదా వెలుతురు వాటిలో ఎక్కువ కాబట్టి తెల్లటి నూలు ఏదైనా మెరుస్తున్నట్టే ఉంటుంది, నికార్సైన బార్‌ను కూడా నకిలీ అనుకుని వదిలేస్తారు. ఈ పనికి కాన్వాయ్ ఎస్2+ 365 నానోమీటర్ల రకం సరిపోతుంది. ముందు భాగంలో జడ్‌డబ్ల్యూబీ2 నల్ల ఫిల్టర్ గాజు ఉన్నదే తీసుకోండి, అది మిగిలిన ఊదా వెలుతురును ఆపేస్తుంది. టార్చ్ ఒక 18650 రకం రీచార్జబుల్ సెల్‌తో నడుస్తుంది. సెల్, చార్జర్ పెట్టెలో వస్తాయో లేదో చూసుకుని ఆర్డర్ పెట్టండి. యూవీ కళ్లద్దాలు లేకుండా మాత్రం వాడొద్దు.

గది పూర్తిగా చీకటి చేసి, కళ్లు అలవాటు పడ్డాక వెలిగించండి. అంతకుముందే మెత్తటి బ్రష్‌తో దుమ్ము, నూగు దులపాలి, లేకపోతే టిష్యూ పేపర్ పీచు ఒక్కటి అంటుకున్నా నీలంగా మెరిసి తప్పుదారి పట్టిస్తుంది. బార్‌ను బోర్లించి వెనకవైపు చూడటం ముఖ్యం. పాత రిబ్బన్ ముక్కలు ఇప్పటికీ దొరుకుతాయి కాబట్టి నకిలీ చేసేవాళ్లు ముందువైపు అసలు రిబ్బన్నే వాడతారు. దొరికిపోయేది కుట్టు దారం దగ్గర, వెనక గుడ్డ దగ్గర. బట్టను తెల్లగా చూపే రసాయనాలు విస్తారంగా వాడుకలోకి వచ్చింది రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే. అవి కలిసిన దారం 365 కింద చురుక్కుమనే నీలి తెలుపుతో వెలుగుతుంది. పాత నూలు, పట్టు మీగడ రంగులో మసకగా మెరుస్తాయి, ఆ మెరుపు చూసి భయపడక్కర్లేదు. దర్జీ దుకాణం కాగితపు చీటీ ఉంటే దాన్నీ చూడండి. అది నీలంగా వెలిగిందంటే రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అంటించిందే.

మెరుపు కనబడగానే తీర్పు చెప్పేయకూడదు. ఒకటి రెండు కుట్లే వెలిగి, మిగతా దారం చప్పగా ఉంటే అది మరమ్మతు. రిబ్బన్లన్నీ పైపైన సమానంగా వెలిగితే ఎవరో ఈ కాలపు డిటర్జెంట్‌తో ఉతికి ఉండొచ్చు. ఈ చివర నుంచి ఆ చివరి దాకా కుట్టంతా వెలిగితే ఆ కూర్పు కొత్తది, ధర కూడా విడి పతకాల లెక్కనే కట్టాలి. ఇక, అసలు మెరవకపోవడం దేనికీ రుజువు కాదు. పాత దారం రీళ్లు కొనుక్కుని కుట్టేవాళ్లు ఉన్నారు.

బార్ ఏ కాలందో టార్చ్ చెప్పదు, రిబ్బన్లే చెప్పాలి. బార్ మీదున్న వాటిలో అన్నిటికన్నా ఆలస్యంగా నెలకొల్పిన పతకం ఏదో ముందు పట్టుకోండి. 1914 ఐరన్ క్రాస్ (జర్మన్ సైనిక పతకం) రెండో తరగతికి, మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడినవారికైతే, నల్ల రిబ్బన్ మీద రెండు తెల్ల చారలు ఉంటాయి. అదే నమూనా మధ్యలో సన్నటి ఎర్ర చార కూడా ఉంటే అది హిండెన్‌బర్గ్ క్రాస్. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసినవారికి ఇచ్చిన ఈ పతకాన్ని నెలకొల్పింది 1934 జూలై 13న, అంటే ఆ బార్ కైజర్ కాలపు సైనికుడిదే అయినా కుట్టింది హిట్లర్ కాలంలో. హంగేరీ యుద్ధ స్మారక పతకం 1929లో, ఆస్ట్రియాది 1932లో, బల్గేరియాది 1933లో వచ్చాయి. జర్మన్ మాజీ సైనికుల బార్లలో ఈ మూడూ తరచూ కనిపిస్తాయి. ఇవి దేన్నైనా "1918 నాటి బార్" అని అమ్ముతుంటే ఆ మాట అక్కడే తేలిపోతుంది.

నీలం రిబ్బన్ దగ్గర చాలామంది తడబడతారు. జర్మన్ రాజ్యమైన ప్రష్యా దీర్ఘకాల సేవా గుర్తింపులకూ నీలమే, హిట్లర్ కాలపు జర్మన్ సైన్యం కోసం 1936 మార్చి 16న మొదలైన వేర్‌మాక్ట్ సేవా పతకానికీ నీలమే. రెండోదాని మీద మామూలుగా చిన్న డేగ గుర్తు ఉంటుంది. 1945 తర్వాత దాన్ని పీకేసిన బార్లు చాలానే ఉన్నాయి కాబట్టి పది రెట్ల భూతద్దంతో రిబ్బన్ మీద ఆ గుర్తు ముళ్లు గుచ్చిన చీలికల కోసం వెతకండి.

లోహం విషయంలో ఈ టార్చ్ దాదాపు నిరుపయోగం. ఐరన్ క్రాస్‌కు ఇనుప గుండె (మధ్య పలక), చుట్టూ రెండు వెండి చట్రాలను కలిపి అతికిన అంచు ఉండాలి. ఆ అతుకు భూతద్దంలో అంచు పొడవునా కనబడుతుంది. ఒకే ముక్కగా పోత పోసిన నకిలీకి అది ఉండదు. రింగు మీద కేఓ, ఎస్-డబ్ల్యూ లాంటి తయారీదారు గుర్తులు ఉంటే మంచిదే, లేకపోయినా తోసిపుచ్చకండి. అయస్కాంతం అంటకపోతే అనుమానించండి, కాని అయస్కాంతానికి అంటని గుండెతో వచ్చిన నిజమైనవీ కొన్ని ఉన్నాయి.

మొత్తంగా కొనదగ్గ టార్చే. పట్టు రిబ్బన్ రంగు వెలిసిపోతుంది కాబట్టి ఒక్కోచోట కొన్ని సెకన్లకు మించి వెలుగు నిలపొద్దు. దూరం నుంచి కొనేటప్పుడు వెనకవైపు ఫోటోలు రెండు అడగండి: పగటి వెలుతురులో ఒకటి, 365 కింద ఒకటి. రెండో ఫోటోలో పక్కన తెల్ల ఆఫీసు కాగితం ముక్క పెట్టమనండి. కాగితం నీలంగా వెలగకపోతే ఆ ఫోటో తీసిన టార్చ్ పనికిరానిది, దాన్ని బట్టి డబ్బు పంపొద్దు.