అడుగున ఏఆర్ గుర్తు ఉందని మైసెన్ వాజు కొనేయకండి

పాత యూరప్ పింగాణీ కొనే ఆలోచన ఉన్నవాళ్లు ఇది చదివాకే డబ్బు కట్టండి.

చిన్నప్పుడు హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరప్ పింగాణీ చూసినప్పటి నుంచి అలాంటిది ఒక్కటైనా ఇంట్లో ఉండాలని నా కోరిక. ఇప్పుడు జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఉంటున్నాను. ఒక ఆన్‌లైన్ వేలంలో మూత ఉన్న వాజు కనబడింది. పసుపు రంగు ఒళ్లు, మధ్యలో తెల్లటి గడులు, వాటిలో రేవులో బేరమాడుతున్న వర్తకులు. ‘మైసెన్, 1730 ప్రాంతం’ అని రాశారు. అడుగున నీలి రంగులో ఏ, ఆర్ అక్షరాలు పెనవేసి ఉన్నాయి. అంటే అగస్టస్ రెక్స్, 1710లో మైసెన్ పింగాణీ కార్ఖానా పెట్టించిన, జర్మనీలోని సాక్సనీ పాలకుడు. రాజుగారి కొలువుకూ, కానుకలకూ చేసిన వాటికి ఆ గుర్తు వేసేవారు. అది చూసి 1,800 యూరోలు కట్టేశాను.

డ్రెస్డెన్‌లో పాత పింగాణీ పరీక్షించే ఒకావిడకు చూపిస్తే, తిరగేసి చూసి వెంటనే చెప్పేశారు, 19వ శతాబ్దం సరుకని. అప్పట్లో డ్రెస్డెన్‌లో హెలెనా వూల్ఫ్‌సోన్ కార్ఖానా పింగాణీకి రంగులద్ది, ఇదే ఏఆర్ గుర్తు వేసి అమ్మింది. మైసెన్ వాళ్లు కోర్టుకెక్కాక గానీ ఆపలేదు. ఆ వాజులే ఇప్పటికీ చేతులు మారుతున్నాయి.

నన్ను బాగా బాధపెట్టింది బంగారం. అంచు అద్దంలా తళతళలాడుతుంటే మురిసిపోయాను. నిజానికి 1730ల నాటి పూత మెత్తగా, కాస్త మసకగా ఉంటుందట. కొలిమిలోంచి తీయగానే మెరిసే ద్రవ బంగారం 1830 ప్రాంతంలో వచ్చింది, అదీ మైసెన్‌లోనే. ఆ మెరుపే తేదీ చెబుతోంది, నాకు చదవడం రాలేదు. ఆవిడ దీపాలార్పి అల్ట్రావయొలెట్ టార్చి వేస్తే మెడ చుట్టూ పాత అతుకు వేరే రంగులో బయటపడింది.

అమ్మినవాళ్లను వెనక్కి తీసుకోమంటే 14 రోజులు దాటాయన్నారు. ఇక్కడ జర్మనీలో, ఆన్‌లైన్‌లో వ్యాపారి దగ్గర కొన్నది ఆ గడువులో కారణం చెప్పకుండానే తిరిగివ్వొచ్చు. నేను ఆవిడ అపాయింట్‌మెంట్ కోసం మూడు వారాలు ఆగాను. మీరు ఆ పొరపాటు చేయకండి, ముందు గడువు చూసుకోండి. మెడ, మూత లోపలి అంచు, బంగారు పూత దగ్గర నుంచి తీసిన ఫోటోలు అడగండి. ‘ప్రాంతం’ అనే మాట లేకుండా, ఏ కార్ఖానాలో ఎప్పుడు చేసిందో రాసివ్వమనండి. మైసెన్ వాళ్ల అడ్డకత్తుల గుర్తునూ నమ్మొద్దు, దాన్నీ చాలామంది అనుకరించారు.

నాకు అమ్మినవాళ్లు నిన్న మరో పసుపు జతను వేలానికి పెట్టారు. అదే గుర్తు, అదే తళతళ. అందుకే ఇది రాస్తున్నాను.