ఆరువేల రూపాయల బూట్లు, అహోబిలం కొండ, గజం సైకిల్ ట్యూబు

2020 డిసెంబరులో ఈ ట్రెక్కింగ్ బూట్లు కొన్నప్పుడు "రాయిని బల్లిలా పట్టుకుంటాయి, నీళ్లు దూరవు" అని పొగిడి, కనీసం ఐదుగురికి ఫోన్ చేసి మరీ కొనమన్నాను. ఇద్దరు కొన్నారు కూడా. వాళ్లు గనక ఇది చదువుతుంటే, ముందు లేచి వెళ్లి ఒక పని చేయండి. అడుగున ఉండే నల్ల రబ్బరుకూ పైనున్న తోలుకూ మధ్య మెత్తటి పొర ఒకటి ఉంటుంది. మడమ దగ్గర దాన్ని గోరుతో గట్టిగా నొక్కి చూడండి. పొడి రాలితే ఆ బూట్లతో కొండెక్కకండి.

మూడున్నరేళ్లు వీటిని నెత్తిన పెట్టుకున్నాను. గుత్తి కోట, పెనుకొండ, గండికోట లోయ అంచు రాళ్లు, ఎక్కడా కాలు జారలేదు. తర్వాత మోకాలి నొప్పి, ఆఫీసు గొడవలు, ఏడాదిన్నర కొండ మొహం చూడలేదు. బూట్లు శుభ్రంగా తుడిచి, ప్లాస్టిక్ కవర్లో మూతి బిగించి అటక మీద పెట్టాను. భద్రంగా ఉంటాయనుకున్నా.

మొన్న కార్తీకంలో మా బామ్మర్దితో కలిసి కర్నూలు నుంచి అహోబిలం వెళ్లాం. ఎగువ అహోబిలం నుంచి ఎక్కేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. కొండ కొసనున్న ఉగ్రస్తంభం చూసుకుని దిగుతున్నాం. వెనక నుంచి బామ్మర్ది "బావా, నీ బూటు నోరు తెరిచింది" అన్నాడు. నవ్వుతున్నాడనుకున్నా. నాలుగడుగులు వేసేసరికి కుడి బూటు సోల్ మడమ దగ్గర ఊడి టపటపా కొట్టుకుంటోంది. లేసు తీసి అడుగు నుంచి చుట్టి కట్టాను. రాయి అంచుకు రాసుకుని పావుగంటలో తెగింది. జేబురుమాలు కట్టాను, అదీ చిరిగింది. ఒక కాలు ఎత్తుగా, ఒక కాలు పల్లంగా, కుంటుకుంటూ జ్వాలా నరసింహస్వామి గుడి దగ్గరికి చేరాను.

అక్కడ డోలీ మోసేవాళ్లు కూర్చుని ఉన్నారు. అందరి కాళ్లకూ హవాయి చెప్పులే. ఒకాయన నా బూటు తిప్పి చూసి, డోలీ కర్రకు చుట్టి ఉంచుకున్న పాత సైకిల్ ట్యూబు విప్పాడు. పాదం మధ్యన రెండు చుట్లు, మడమ మీదుగా అడ్డంగా ఒక చుట్టు వేసి బిగించి కట్టాడు. వంద చేతిలో పెడితే తీసుకుని, మిగిలిన గజం ముక్క నాకే ఇచ్చాడు. "పెట్టుకో సామీ, రెండోది కూడా పోతాది" అన్నాడు. భవనాశి వాగు దాటేలోపు ఎడమ బూటు కూడా ఊడింది.

కర్నూలులో బూట్లు కుట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్తే, మధ్య పొరలో వేలు దింపి చూపించాడు. రొట్టె ముక్కలా విరిగి రాలింది. "సూది దింపితే నిలబడాల గదా సార్, పిండయిపోయింది" అన్నాడు. తర్వాత చదివితే తెలిసింది, ఆ పొర పాలీయురేథేన్ ఫోమ్. గాలిలో తేమకు అది లోపల్లోపలే విరిగిపోతుందట. వాడకుండా దాచినా ఆగదు, పైగా తేమ బయటికి పోనివ్వని కవర్లో దాస్తే ఇంకా త్వరగా. అంటే నా భద్రమే వాటి కొంప ముంచింది. సరే, తప్పు నాదే అనుకుందాం. డబ్బా మీద ఇన్ని గొప్పలు రాసిన కంపెనీ ఈ ఒక్క ముక్క రాయకూడదా?

అప్పుడు ఫోన్లలో చెప్పినవి కొన్ని సవరించుకోవాలి. "రాయిని బల్లిలా పట్టుకుంటాయి" అన్నాను గదా, అది ఎండిన రాయి మీద మాట. భవనాశిలో పాచి పట్టిన రాళ్ల మీద చెప్పులేసుకున్న బామ్మర్ది, నేను ఒకేలా జారాం. నీళ్లు దూరని లైనింగు కూడా పొగిడాను. గుత్తి, పెనుకొండ ఉన్న అనంతపురం వైపు ఏడాదంతా కలిపినా 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే వాన. బయటి నీళ్లు రావడం సంగతి అటుంచి, లోపలి చెమట బయటికి పోక మేజోళ్లు పిండుకోవాల్సి వచ్చేది. పెనుకొండలో వచ్చిన బొబ్బలు కూడా దానివల్లే కావచ్చు, నూలు మేజోళ్ల వల్ల కూడా కావచ్చు.

(ఆ రోజు సంచిలో నన్ను మోసం చేయనివి ఎండబెట్టిన జొన్న రొట్టెలు, శెనక్కాయల పొడి మాత్రమే. అరవై రూపాయల ఎనర్జీ బార్ ఎండకు కరిగి కవరుకే అంటుకుపోయింది.)

కొనొద్దని అననులెండి. వారం వారం కొండలు తిరిగేవాళ్లకైతే ఫోమ్ చెడేలోపే రబ్బరు అరిగిపోతుంది, డబ్బు గిట్టుబాటే. నాలాగా నలభై మూడేళ్లు, ఎనభై నాలుగు కిలోలు, ఏడాదికి మూడు నాలుగు సార్లు బయల్దేరేవాళ్లకు మాత్రం డౌటే. ఇప్పుడు ఈవీఏ అనే ఇంకో రకం ఫోమ్ సోల్ ఉన్న మామూలు రన్నింగ్ షూ పద్నాలుగు వందలకు కొన్నాను. ఈవీఏకు ఈ పిండయ్యే జబ్బు లేదు. రెండు ట్రిప్పులే అయ్యాయి, అప్పుడే పొగడను.

ట్యూబు ముక్క మాత్రం సంచి పక్క జేబులో అలాగే ఉంది. దుమ్ము దులుపుతూ మా ఆవిడ పారేయబోయింది, లాక్కున్నాను.