నొప్పి తగ్గిందా? రాత్రి ఫోను ఎత్తారా? ఇంటికొచ్చి చూసే పాలియేటివ్ కేర్ సేవపై మా ఇంటి సమీక్ష

మా నాన్నకి నాలుక కాన్సర్. ఆపరేషన్ అయింది, కరెంటు పెట్టడం అయింది, కీమో అయింది. దవడ కింద మళ్ళీ గడ్డ లేచాక చెన్నై డాక్టర్లు ఇక ఇంటి దగ్గరే చూసుకోండని పంపేశారు. అక్కణ్ణించి ఆయన పోయేదాకా, ఏడాది దాటి, ప్రకాశం జిల్లాలో ఇళ్ళకి వచ్చి చూసే ఒక పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గించి చూసుకునే వైద్యం) సంస్థే ఆయన్ని చూసుకుంది. మంచితో పాటు లోపాలూ రాస్తున్నాను కాబట్టి ఆ సంస్థ పేరు పెట్టడం లేదు. ఇలాంటి సేవ మంచిదో కాదో దేన్ని బట్టి తేల్చుకోవాలో వెతుక్కుంటున్న ఇళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

నా తీర్పు ముందే చెబుతాను. నొప్పి తగ్గించడంలో, పుండు చూడటంలో, రాత్రిపూట ఫోను ఎత్తడంలో వాళ్ళకి వంక పెట్టలేను. మందు సమయానికి అందించడంలో, నర్సులు మారిపోవడంలో, రోగిని చూసుకునే మనిషి గురించి ఆలోచించడంలో లోపాలున్నాయి.

మాది కొండపి దగ్గర పల్లె. పొగాకు పండించే ఇల్లు. నాన్నకి పొగాకు కాల్చే బ్యారన్ దగ్గర రాత్రుళ్ళు మేలుకోవడం, చుట్ట కాల్చడం చిన్నప్పటి నుంచీ అలవాటు. మా చుట్టుపక్కల నోటి కాన్సర్ రాని బజారు లేదు. అడయారుకో, వేలూరుకో, హైదరాబాదులో ఎం.ఎన్.జె. కాన్సర్ ఆసుపత్రికో పోయి వైద్యం చేయించుకునే దారి అందరికీ తెలుసు. అక్కడ ఇక చేసేదేమీ లేదన్నాక ఎవరి దగ్గరికి పోవాలో మాత్రం ఎవరికీ తెలియదు. మాకూ తెలియదు. ఒంగోలులో అన్న స్నేహితుడొకాయన చెబితే ఫోను చేశాం.

వాళ్ళు రాకముందు నాన్న నొప్పికి ఊళ్ళో ఆర్‌ఎంపీ డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వేసేవాడు. మెడికల్ షాపులో ట్రామడాల్ బిళ్ళలు తెచ్చేవాళ్ళం. వేసిన రెండు మూడు గంటలు కాస్త నయం, తర్వాత మామూలే. డైక్లోఫెనాక్ రోజూ పొడిపిస్తే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. ట్రామడాల్‌ని రోజుకి 400 మిల్లీగ్రాములు దాటించకూడదు. అంటే ఒక స్థాయి దాటిన కాన్సర్ నొప్పికి ఆ మందులు ఎంత పెంచినా లాభం లేదు. ఈ సంగతి మాకు ముందు చెప్పినవాళ్ళు లేరు.

మొదటిసారి వచ్చిన డాక్టరమ్మ ఫైలు తెరవలేదు. మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, నొప్పి ఎట్లా ఉందని అడిగింది. సలుపా, మంటా, పోటా? ఒకచోటే ఉంటుందా, చెవిలోకి కొడుతుందా? రాత్రి నిద్రలేపుతుందా? చెవిలోకి కొట్టే నొప్పి గురించి అప్పటిదాకా ఏ ఆసుపత్రిలోనూ అడగలేదు. నాన్న చేయి చెవి మీద పెట్టుకుని తల ఊపాడు. పదికి ఎంత నొప్పి అని అడిగితే ఆయనకి అర్థం కాలేదు. అప్పుడు వెంట వచ్చిన సిస్టర్ "పెదనాయనా, రూపాయికి ఎన్నణాల నొప్పి?" అంది. నాన్న మాట కష్టమై వేళ్ళతో చూపించాడు. పద్నాలుగణాలు. అప్పట్నుంచి వచ్చిన ప్రతిసారీ అణాల లెక్క అడిగి పుస్తకంలో రాసుకునేవాళ్ళు. ఆ పుస్తకం మా ఇంట్లోనే ఉంచేవాళ్ళు, మేమూ చూసుకోవచ్చు. ఒక సేవని నేను కొలిచేది మొదట దీనితోనే. వచ్చిన ప్రతిసారీ నొప్పి ఎంతో అడిగి రాయని వాళ్ళు ఎంత మంచి మాటలు చెప్పినా మీ మనిషి నొప్పి తగ్గించలేరు.

తీవ్రమైన నొప్పికి ఇచ్చే మార్ఫిన్ మొదలుపెట్టారు. పది మిల్లీగ్రాముల బిళ్ళ, నాలుగు గంటలకొకసారి, గడియారం చూసి. నొప్పి వచ్చాక వేయడం కాదు, రాకముందే వేయాలి. పడుకునే ముందు రెండు బిళ్ళలు కలిపి ఇస్తే నడిరాత్రి లేపాల్సిన పని ఉండదు. మధ్యలో నొప్పి తన్నుకొస్తే ఇవ్వడానికి విడిగా ఒక మోతాదు రాసిచ్చారు. నాన్నకి ముక్కు గొట్టం ఉంది కాబట్టి బిళ్ళ నూరి నీళ్ళలో కలిపి పోసేవాళ్ళం. మామూలు బిళ్ళనే నూరాలి, నిదానంగా కరిగే రకాన్ని నూరకూడదని కవరు మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసిచ్చారు. చెవిలోకి కొట్టేది నరాల నొప్పి అని, రాత్రిపూట వేరే చిన్న మాత్ర ఇచ్చారు. వారం తిరిగేసరికి నాన్న వేళ్ళు నాలుగు చూపించాయి. అమ్మ ఆ రోజు వంటింట్లోకి పోయి ఏడ్చింది.

అయితే మా చిన్నాయన ఊరుకోలేదు. "అది మత్తుమందంట గదమ్మా, అలవాటు పడిపోతే ఎట్లా? అదిస్తే మనిషి తొందరగా పోతాడంట" అని రెండు రోజులు పోరు పెట్టాడు. డాక్టరమ్మ ఆయన్నే పిలిచి కూర్చోబెట్టి చెప్పింది. నొప్పికి సరిపడా ఇస్తే వ్యసనం అవదు. మొదటి రెండు మూడు రోజులు మగత, వాంతులు ఉండొచ్చు, తర్వాత పోతాయి. మలబద్ధకం మాత్రం పోదు, మార్ఫిన్ వాడినన్నాళ్ళూ విరేచనపు మాత్ర వాడాల్సిందే. మార్ఫిన్‌కి ఇంతే ఇవ్వాలన్న హద్దు లేదు, నొప్పిని బట్టి డాక్టరు మెల్లగా పెంచుతారు. చిన్నాయన ఆ తర్వాత నాన్న మందుల డబ్బా తనే సర్దేవాడు.

ఇక్కడ చట్టం సంగతి కొంచెం తెలుసుకోవాలి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల మన దేశంలో మార్ఫిన్ నిల్వ పెట్టాలంటే రకరకాల లైసెన్సులు కావలసివచ్చేది, చాలా ఆసుపత్రులు మనకెందుకొచ్చిన గొడవ అని తెప్పించడమే మానేశాయి. 2014లో చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన వైద్య సంస్థలు ఒకే అనుమతితో మార్ఫిన్ ఉంచుకునే వీలు కల్పించారు. ఆ గుర్తింపు లేని సంస్థకి మార్ఫిన్ రాదు. మెడికల్ షాపుల్లోనూ దొరకడం కష్టం. అందుకే ఏ సేవకైనా ఫోను చేసినప్పుడు నేను ముందు అడగమనేది, మీ దగ్గర మార్ఫిన్ ఉందా, ఎవరు రాస్తారు, అయిపోతే ఎన్ని రోజుల్లో వస్తుంది అనే. వీళ్ళకంటే ముందు మేము పట్నంలో డబ్బు కట్టి పెట్టుకున్న ఒక హోమ్ నర్సింగ్ ఏజెన్సీ ఈ ప్రశ్నకి "అవన్నీ ఎందుకండీ, మా నర్సు ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది" అంది. ఆ వచ్చిన అమ్మాయికి ముక్కు గొట్టంలో పాలు పోయడం కూడా రాదు. రోజువారీ డబ్బు మాత్రం ముందే తీసుకున్నారు.

పుండు సంగతి రాయకుండా ఈ సమీక్ష పూర్తి కాదు. గడ్డ పగిలి చెంప బయటికి పుండు పడ్డాక వాసన మొదలైంది. వసారాలోకి వచ్చిన మనుషులు తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకునేవాళ్ళు. అది నాన్నకి కనపడేది. మనవడిని దగ్గరికి రావద్దని చేయి ఊపేవాడు. సిస్టర్ మెట్రోనిడజోల్ మాత్రలు మెత్తగా నూరి, పుండు సెలైన్‌తో కడిగాక ఆ పొడి చల్లడం నేర్పించింది. వాసన పుట్టించే క్రిములని ఆ మందు చంపుతుందట. నాలుగైదు రోజుల్లో వాసన బాగా తగ్గింది. పిల్లాడు మళ్ళీ మంచం మీద కూర్చున్నాడు. ఖరీదైన మందేమీ కాదు, ఏ షాపులోనైనా దొరికే బిళ్ళ. పుండు మీద వేసిన పాత గాజు గుడ్డ (కట్టుగుడ్డ) అంటుకుపోతే లాగకూడదని, సెలైన్‌తో బాగా నానబెట్టి తీయాలని వదినకి చేయి పట్టి చూపించింది. తను లేని రోజు వదిన చేసిన డ్రెస్సింగు మర్నాడు వచ్చి చూసి, బాగుందమ్మా అనో, అంచులు ఇంకా శుభ్రం చేయాలనో చెప్పేది. ఇంట్లోవాళ్ళకి పని నేర్పిపోయే సేవకి, తాను వచ్చి చేసి వెళ్ళిపోయే సేవకి తేడా ఇక్కడే తెలుస్తుంది.

ఇంకొక మాట చెప్పడానికి ఆ సిస్టర్ అమ్మని, నన్ను, వదినని పెరట్లోకి తీసుకెళ్ళింది. మెడ దగ్గర పుండు ఉన్నవాళ్ళకి ఒక్కోసారి రక్తం ఒక్కసారిగా కారొచ్చు. ముదురు రంగు తువ్వాళ్ళు, దుప్పటి మంచం కింద సిద్ధంగా పెట్టుకోండి, తెల్లవి వద్దు, ఎరుపు కనిపిస్తే పెదనాయన బెదురుతాడు, మీరూ బెదురుతారు అంది. వినడానికి కష్టమైన మాట. కానీ చెప్పకపోయి ఉంటే ఆ రాత్రి మేము ఏమయ్యేవాళ్ళమో.

ఆ రాత్రి వచ్చింది. తువ్వాలు అదిమి పెట్టి ఫోను చేస్తే రెండో రింగుకి ఎత్తారు. ఎత్తింది నాన్నని ఎరిగిన డాక్టరే. పక్కకి తిప్పి పడుకోబెట్టమన్నారు, రక్తం ఆగడానికి ముందే ఇచ్చి ఉంచిన ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్ర నూరి తడి గాజు గుడ్డలో పెట్టి అదమమన్నారు, ఫోను పెట్టేయకుండా అన్న పక్కనే ఉన్నట్టు మాట్లాడారు. రక్తం ఆగింది. 108కి చేసి ఒంగోలు తీసుకుపోదామా అని అడిగితే, అక్కడ ఏం చేస్తారు, దారిలో ఏం జరగొచ్చు రెండూ చెప్పి నిర్ణయం మాకే వదిలారు. మేము ఇంట్లోనే ఉంచాం. ముక్కు గొట్టం ఊడినప్పుడు, ఎక్కిళ్ళు ఆగనప్పుడు, ఇంకా చాలాసార్లు వేళకాని వేళ చేశాం. ఎప్పుడూ విసుక్కోలేదు.

నాన్నకి నిజం చెప్పాలా వద్దా అన్నదాని మీద ఇంట్లో మాకు గొడవ ఉండేది. అన్న వద్దనేవాడు. డాక్టరమ్మ మమ్మల్ని ఒప్పించే ప్రయత్నం చేయలేదు, నాన్న దగ్గర అబద్ధమూ ఆడలేదు. "మీ జబ్బు గురించి మీరేమనుకుంటున్నారు? ఎంతవరకు తెలుసుకోవాలనుంది?" అని ఆయన్నే అడిగింది. నాన్న పలక తీసుకుని "బ్యారన్ పెద్దోడి పేర మార్చాలి. టైముందా?" అని రాశాడు. ఆయనకి అంతా తెలుసు. కాగితాల పని ఆ నెలలోనే కానిచ్చాడు, చెల్లెలికి ఇవ్వాల్సిందీ ఇచ్చాడు.

ఇక లోపాలు. ఆదివారాలు, పండగలు ఫోను మాత్రమే, మనిషి రారు. అది అర్థం చేసుకోవచ్చు. కానీ పండగకి ముందు ఎక్కువ బిళ్ళలు ఇచ్చి పోవాలన్న ఆలోచన వాళ్ళకుండాలి. సంక్రాంతికి మార్ఫిన్ అయిపోయింది. అన్న ఒంగోలు పోయి వాళ్ళ ఆఫీసు తాళం చూసి, డాక్టరు ఇంటిదాకా వెళ్ళి తెచ్చేసరికి రెండు మోతాదులు తప్పాయి. ఆ పూట నాన్న పడిన బాధకి నాకు ఇప్పటికీ కోపం ఉంది. చెప్పాక సరిచేశారు, కానీ మాలాంటి వాళ్ళు చెబితేగాని సరిచేయాల్సిన సంగతి కాదది.

నర్సులు మారిపోతుంటారు. మొదటి సిస్టర్ పెళ్ళయి వెళ్ళాక వచ్చినావిడ మొదటి రోజు గాజు గుడ్డ నానబెట్టకుండా లాగేసింది. వదినే ఆపి చెప్పింది. కొత్తవాళ్ళని పాతవాళ్ళతో కలిపి కొన్నాళ్ళు తిప్పాలి కదా! మూడోది, అమ్మ సంగతి. రాత్రింబవళ్ళు చేసి ఆమె సగమైపోయింది. బీపీ మాత్రలు మానేసిన సంగతి కూడా ఎవరూ కనిపెట్టలేదు. చూసుకునే మనిషిని విడిగా కూర్చోబెట్టి నీకెట్లా ఉందమ్మా అని అడగడం వాళ్ళ పుస్తకంలో లేదు, ఉండాలి. పడకలున్న కేంద్రం కూడా లేదు. ఇంట్లో చేసే మనిషి లేని రోగికి ఈ సేవ ఒక్కటీ చాలదు. దూరం కూడా చూస్తారు. కనిగిరి, పామూరు వైపు నుంచి అడిగినవాళ్ళకి ఫోనులో సలహా చెప్పగలం గానీ రాలేం అన్నారట. కేరళలో 1993లో కోజికోడ్‌లో మొదలైన పాలియేటివ్ కేర్ ఉద్యమంలో ఊరివాళ్ళే వాలంటీర్లుగా తయారై వారానికి కొన్ని గంటలు ఇస్తారు. మా మండలంలో అట్లా పదిమందిని తయారుచేసినా ఈ దూరం సగం తగ్గుతుంది.

డబ్బు గురించి రెండు ముక్కలు. చూసినందుకు తీసుకోలేదు, మార్ఫిన్‌కి తీసుకోలేదు. గాజు గుడ్డ, దూది, పాలపొడి మేమే కొన్నాం. గాలి పరుపు అడ్వాన్సు కట్టి తెచ్చుకున్నాం, తిరిగిచ్చాక డబ్బు తిరిగి ఇచ్చారు. మంచం పక్కన నిలబడి విరాళం మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు.

చివరి రోజుల్లో చుట్టాలంతా చేరి ఒక్క సెలైనన్నా ఎక్కించకపోతే ఎట్లా అన్నారు. ఆ దశలో ఒళ్ళు నీళ్ళు పట్టుకోలేదు, ఎక్కిస్తే వాపు, గొంతులో గురగుర ఎక్కువవుతాయని డాక్టరమ్మ అందరికీ వినపడేలా చెప్పింది. ఆ మాట మేము చెబితే, ఖర్చుకి వెనకాడుతున్నారు అనేవాళ్ళు. నోరు తడి చేయడం, పెదాలకి రాయడం, పక్కకి తిప్పడం చూపించింది. నాన్న నొప్పి లేకుండా పోయాడు. మరణ కారణం కాగితం డాక్టరమ్మే రాసిచ్చింది. ఇంట్లో పోయినవాళ్ళ మరణం 21 రోజుల్లోపు పంచాయతీలో రాయించాలి, దానికి ఆ కాగితం పనికొచ్చింది. మిగిలిన మార్ఫిన్ లెక్కపెట్టి వెనక్కి తీసుకుని అన్న చేత సంతకం పెట్టించుకున్నారు. పెద్దకర్మ అయ్యాక సిస్టర్ ఒకసారి వచ్చి అమ్మతో కూర్చుంది. ఈసారి బీపీ కూడా చూసింది.

చేరాలనుకునేవాళ్ళకి కావలసినవి: డిశ్చార్జి సమ్మరీ, బయాప్సీ రిపోర్టు, వాడుతున్న మందుల చీటీలు, ఆధార్. ఇంట్లో ఒకళ్ళ ఫోను నంబరు ఎప్పుడూ మోగేది ఇవ్వాలి. కీమో నడుస్తుండగానే చేరొచ్చు, అన్నీ అయిపోయేదాకా ఆగక్కర్లేదని వాళ్ళే చెప్పారు. నాన్నకి నడక ఉన్నప్పుడే మొదలైంది కాబట్టి ఆయన నోట మాట ఉండగా ఒకట్రెండుసార్లయినా సిస్టర్‌తో పొగాకు రేట్ల గురించి మాట్లాడగలిగాడు. మా బజారులో ఇప్పుడు ఇంకొకాయనకి జబ్బు బయటపడింది. వాళ్ళ కోడలికి నంబరు ఇచ్చాను, మార్ఫిన్ గురించి, పండగలకి ముందు ఇచ్చే బిళ్ళల గురించి ముందే అడగమని చెప్పి.