డిఫరెన్షియల్ రీబిల్డ్ కిట్టు: బేరింగులు మేలు, షిమ్ములు కరువు

కారు వెనుక యాక్సిల్‌ను ఇంట్లోనే విప్పి బాగుచేసుకునేవారి కోసం 'పూర్తి కిట్టు' పేరుతో అమ్ముతున్న డిఫరెన్షియల్ (ఇంజిన్ శక్తిని రెండు వెనుక చక్రాలకు పంచే గేర్ల అమరిక) సామగ్రిని ఇటీవల నా కారుకు వాడాను. పెట్టెలో పినియన్ (ఇంజిన్ వైపు నుంచి తిరిగే చిన్న గేరు) బేరింగులు రెండు, క్యారియర్ (పెద్ద గేరును మోసే చట్రం) బేరింగులు రెండు, పినియన్ ఆయిల్ సీల్, కొత్త పినియన్ నట్టు, క్రౌన్ వీల్ (పినియన్ తిప్పే పెద్ద గేరు) బోల్టులు, ఒక క్రష్ స్లీవ్ (బిగిస్తే నలిగే లోహపు గొట్టం), కొన్ని షిమ్ములు (సందు సరిచేయడానికి వేసే లోహపు వలయాలు), పళ్ల ఒరిపిడి చూడడానికి పూసే రంగు, మడతపెట్టిన సూచనల కాగితం ఉన్నాయి. బేరింగుల విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. అయితే ఈ పనిలో అసలు కష్టం బేరింగులు మార్చడంలో కాదు, పినియన్‌ను, క్రౌన్ వీల్‌ను మిల్లీమీటరులో వందో వంతుల లెక్కన సరైన చోట నిలబెట్టడంలో ఉంది. సరిగ్గా అక్కడ కావలసిన సరుకు దగ్గరే తయారీదారు చేయి బిగబట్టాడు.

ముందుగా మంచి సంగతులు. పినియన్ టేపర్ రోలర్ బేరింగుల బయటి కప్పులు హౌసింగ్‌లో (గేర్లుండే లోహపు పెట్టెలో) ఎక్కడా వదులు లేకుండా కూర్చున్నాయి. ఇత్తడి కడ్డీతో చుట్టూ సమంగా తడుతూ దించితే, కప్పు అడుగుకు ఆనిన క్షణంలో సుత్తి దెబ్బ చప్పుడు బోలుతనం పోయి గట్టిపడుతుంది. రెండు కప్పుల దగ్గరా ఆ మార్పు స్పష్టంగా వినిపించింది. ఆయిల్ సీల్ పెదవి మెత్తగా, దాని వెనుక స్ప్రింగు సరిగ్గా అమరి ఉంది.

ఇక షిమ్ముల సంగతి. పినియన్ తల క్రౌన్ వీల్‌లోకి ఎంత లోతుగా చొచ్చుకొని ఉండాలో నిర్ణయించేది, నా కారు వంటి చాలా యాక్సిళ్లలో, తల వెనుక బేరింగు కింద ఉండే షిమ్మే. పళ్లకు రంగు పూసి, క్రౌన్ వీల్‌ను కాస్త అదిమిపట్టి తిప్పినప్పుడు ఒరిపిడి గుర్తు పంటి మొదలు వైపు దిగితే పినియన్ మరీ లోపలికి వచ్చిందని, పంటి కొన వైపు ఎక్కితే అది దూరంగా ఉందని అర్థం. మొదటి సందర్భంలో షిమ్ము మందం తగ్గించాలి, రెండో సందర్భంలో పెంచాలి. ఆ సర్దుబాటు చాలాసార్లు 0.05 మిల్లీమీటరు తేడా దగ్గర తేలుతుంది. ఈ కిట్టులో ఇచ్చినవన్నీ మందపు షిమ్ములే కావడంతో అంత సన్నటి మార్పు చేసే వీలే లేదు, పైగా వాటి మీద కొలతలు ముద్రించలేదు కనుక ఒక్కొక్కదాన్నీ మైక్రోమీటరుతో కొలుచుకోవలసిందే. చివరికి పాత షిమ్మునే శుభ్రంచేసి, విడిగా కొన్న పలుచటి షిమ్మును దానికి జతచేశాను. షిమ్ము మార్చిన ప్రతిసారీ కొత్త బేరింగును లాగి మళ్లీ ఎక్కిస్తే అది పాడవుతుంది కాబట్టి, పాత బేరింగు లోపలి రంధ్రాన్ని కాస్త అరగదీసి, చేత్తో ఎక్కేటట్టు చేసుకొని, కొలతలు కుదిరేదాకా దానితోనే చూసుకోవడం మేలు. సూచనల కాగితం ఈ మాటే ఎత్తలేదు.

ఆ కాగితం గురించి ఇంకో మాట చెప్పాలి. ఒరిపిడి గుర్తుల బొమ్మలు మసకగా అచ్చయ్యాయి, వాటిలో కారు లాగేటప్పుడు భారం పడే వైపు ఏదో, వేగం తగ్గేటప్పుడు భారం పడే వైపు ఏదో రాయలేదు. వెనుక యాక్సిల్‌లో సాధారణంగా క్రౌన్ వీల్ పంటి ఉబ్బెత్తు ముఖం మొదటిది, గుంట ముఖం రెండోది. ఇది తెలియనివారికి ఆ బొమ్మలు ఎందుకూ పనికిరావు, తెలిసినవారికి వాటి అవసరమే లేదు.

క్రష్ స్లీవ్ ఒక్కటే ఇవ్వడం నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద లోపం. పినియన్ నట్టు బిగించేటప్పుడు ఈ స్లీవ్ నలిగి, బేరింగుల మీద పడవలసిన ముందస్తు బిగువును నిలబెడుతుంది. పొడవాటి రెంచ్‌తో బలమంతా పెట్టినా చాలాసేపు ఏమీ జరగనట్టే ఉంటుంది. పినియన్ ముందువెనుకలకు కదిలే వదులు పోయాక మాత్రం నట్టు కొద్దిగా తిరిగినా బిగువు చప్పున పెరిగిపోతుంది. హద్దు దాటితే నట్టును వెనక్కి తిప్పి సరిదిద్దే మార్గం లేదు, నలిగిన స్లీవ్ తిరిగి సాగదు కాబట్టి కొత్తది వేయవలసిందే. మొదటిసారి ఈ పని చేసేవారికి రెండో స్లీవ్ దాదాపు తప్పదని తయారీదారుకు తెలియకపోదు. కాగితంలో నట్టు బిగింపు టార్క్ (తిప్పే బలం) మాత్రమే ఉంది, కానీ చూడవలసింది పినియన్‌ను తిప్పడానికి పట్టే టార్క్. చిన్న విలువలు చూపే టార్క్ రెంచ్‌తో కొలిచి, కొత్త బేరింగులకు కారు మాన్యువల్‌లో ఇచ్చిన అంకెతో పోల్చుకోవాలి.

బ్యాక్‌లాష్ (రెండు గేర్ల పళ్ల మధ్య ఉండే సందు) దగ్గర ఇబ్బంది రాలేదు. క్యారియర్ వైపు షిమ్ములు పాతవే సరిపోయాయి, డయల్ గేజ్ చుట్టూ నాలుగైదు చోట్ల చూపిన విలువలు చాలా యాక్సిళ్లకు చెప్పే 0.15 నుంచి 0.25 మిల్లీమీటర్ల మధ్యే నిలిచాయి. విప్పేటప్పుడు బేరింగు క్యాపులకు (క్యారియర్ బేరింగులను బిగించిపట్టే మూతలకు) కుడి, ఎడమ గుర్తులు పెట్టుకోవాలి; హౌసింగ్‌తో కలిపి తొలిచినవి కాబట్టి అవి ఒకదాని చోట ఇంకొకటి కుదరవు.

డయల్ గేజ్, బేరింగు పుల్లర్, చిన్న టార్క్ రెంచ్ ముందే ఉన్నవారు ఈ కిట్టు కొనవచ్చు, కొనేటప్పుడే పలుచటి షిమ్ముల కట్ట ఒకటి, స్లీవ్ ఒకటి అదనంగా తెప్పించుకోవాలి. అవన్నీ కొత్తగా కొనవలసినవారు ముందు ఆ ఖర్చు లెక్క వేసుకోవడం మంచిది. నా లెక్కలో దీనికి అయిదుకు మూడు మార్కులు. 'పూర్తి' అనే పేరున్నా యాక్సిల్ షాఫ్టుల బేరింగులు, చివరి సీళ్లు, లిమిటెడ్ స్లిప్ రకానికి (ఒక చక్రం ఊరికే తిరిగిపోకుండా అదుపుచేసే డిఫరెన్షియల్‌కు) కావలసిన క్లచ్ ప్లేట్లు ఇందులో లేవు. క్రౌన్ వీల్ పళ్లు విరిగినా, గుంటలు పడినా ఈ కిట్టుతో పని జరగదు, క్రౌన్ వీల్, పినియన్ కలిపి జతగానే మార్చాలి. కొత్త సీల్ వేసేముందు యాక్సిల్ బ్రీదర్ (లోపలి గాలి బయటికి పోయే రంధ్రం) ఊదిచూడండి, అది మూసుకుపోయి ఉంటే లోపలి ఒత్తిడికి ఎంత మంచి సీలైనా కారుతుంది.