లినక్స్‌లో వైఫై డ్రైవర్: ఏళ్ల వాడకం తర్వాత సమీక్ష

విజయనగరం, శ్రీకాకుళం వైపు కాలేజీ పిల్లలు సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొని ఉబుంటునో లినక్స్ మింట్‌నో వేసుకోగానే ముందు అడ్డం తిరిగేది వైఫై. స్క్రీన్ వస్తుంది, సౌండ్ వస్తుంది, టచ్‌ప్యాడ్ పనిచేస్తుంది, వైఫై గుర్తు మాత్రం కనపడదు. ల్యాప్‌టాప్ లోపలి వైఫై కార్డులూ బయట యూఎస్‌బీ పోర్టులో పెట్టే డాంగిళ్లూ రకరకాలవి ఏళ్ల తరబడి వాడాక తేలింది ఇది: చాలా కార్డులకు లినక్స్‌లో డ్రైవర్ (కార్డును నడిపించే ప్రోగ్రామ్) విడిగా ఎక్కించే పనే ఉండదు. అది లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌లోనే ఉంటుంది. లోపించేది సాధారణంగా చిప్ లోపల నడిచే ఫర్మ్‌వేర్ ఫైలు, లేకపోతే ఆ చిప్‌ను గుర్తుపట్టేంత కొత్త కెర్నల్. ఈ రెండూ చూసుకోకుండా ఎక్కడో దొరికిన డ్రైవర్‌ను కంపైల్ చెయ్యబోతే, అంటే సోర్స్ కోడ్ నుంచి తయారుచెయ్యబోతే, రోజులు గడిచిపోతాయి, పని మాత్రం కాదు.

అన్నిటికంటే ముందు ఆ మెషీన్‌కి తాత్కాలికంగా నెట్ కావాలి. ఆండ్రాయిడ్ ఫోన్‌ను డేటా కేబుల్‌తో కలిపి ఫోన్ నెట్‌ను ల్యాప్‌టాప్‌కి ఇచ్చే యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్యండి. దీనికి కావాల్సిన డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంది కాబట్టి సెకన్లలో వైర్డ్ కనెక్షన్‌లా కనబడుతుంది. ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుల్ అయితే రాదు, కేబుల్ మార్చి చూడండి. ఫోన్ ఇంట్లో వైఫైకి కలిసి ఉంటే ఆ వైఫై నెట్టే కేబుల్ గుండా వస్తుంది, రోజువారీ మొబైల్ డేటా అయిపోదు. ఉబుంటు ఫర్మ్‌వేర్ ప్యాకేజీ ఒక్కటే కొన్ని వందల ఎంబీ ఉంటుంది కనుక ఇది చిన్న విషయం కాదు. ఫైబర్ కనెక్షన్ ఉన్న ఇంట్లో అయితే రౌటర్ వెనక ల్యాన్ పోర్టుకి కేబుల్ పెడితే సరిపోతుంది. సిగ్నల్ అందని ఊళ్లలో ఉన్నవాళ్లు మింట్ ఇన్‌స్టాల్ చెయ్యడానికి వాడిన పెన్‌డ్రైవ్‌ను చెరపకుండా దాచుకోండి. మింట్ డ్రైవర్ మేనేజర్ నెట్ లేనప్పుడు ఆ పెన్‌డ్రైవ్ నుంచే కొన్ని డ్రైవర్లు తీసుకోగలదు.

ఇక చిప్ గుర్తించడం. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. డబ్బా మీద కంపెనీ పేరు, మోడల్ పేరు నమ్మకండి. టీపీ-లింక్ డబ్ల్యూఎన్722ఎన్ డాంగిల్ మొదటి వెర్షన్‌లో అథెరాస్ ఏఆర్9271 చిప్ ఉండేది. లినక్స్‌లో పెట్టగానే పనిచేసేది. అదే పేరుతో వచ్చిన రెండో, మూడో వెర్షన్లలో రియల్‌టెక్ 8188ఈయూఎస్ చిప్ ఉంది. దానికి వేరే డ్రైవర్ కావాలి. అందుకే లోపలి కార్డుకైతే టెర్మినల్‌లో ఎల్ఎస్‌పీసీఐ కమాండ్ పక్కన హైఫన్ పెట్టి ఎన్ఎన్‌కే అని కొట్టండి, డాంగిల్‌కైతే ఎల్ఎస్‌యూఎస్‌బీ. మధ్యన కోలన్‌తో రెండు భాగాలుగా కనబడే ఐడీనే ఆ చిప్ అసలు చిరునామా. వెతికేటప్పుడు దానితోనే వెతకండి. ఎల్ఎస్‌పీసీఐలో కార్డు కింద ‘కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్’ అన్న లైను ఉందంటే డ్రైవర్ దొరికినట్టే. అప్పుడు తప్పు వేరే చోట ఉంది. వైఫైని ఎవరైనా ఆపి ఉంచారేమో తెలియడానికి ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్ అని కొట్టి చూడండి. సాఫ్ట్ బ్లాక్ అని ఉంటే ఆర్ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ ఆల్ అంటే చాలు. హార్డ్ బ్లాక్ అని ఉంటే ల్యాప్‌టాప్ పక్కనున్న స్విచ్చో ఎఫ్ఎన్ కీయో నొక్కాలి.

డాంగిల్ సీడీ డ్రైవ్‌లా కనబడితే కంగారుపడకండి. విండోస్ డ్రైవర్‌ను తనలోనే పెట్టుకుని వచ్చే రకం అది. యూఎస్‌బీ-మోడ్‌స్విచ్ ప్యాకేజీ వేసి, తీసి మళ్లీ పెడితే వైఫై కార్డుగా మారుతుంది.

కెర్నల్ సందేశాలు చూపించే డీఎంఈఎస్‌జీ కమాండ్ అవుట్‌పుట్‌లో ఫర్మ్‌వేర్ లోడ్ ఫెయిలైంది, ఎర్రర్ మైనస్ 2 అని ఉంటే ఆ ఫైలు డిస్క్‌లో లేదని అర్థం. డ్రైవర్ జోలికి పోనక్కర్లేదు, ఫర్మ్‌వేర్ ప్యాకేజీ వేసి రీబూట్ చెయ్యండి. డెబియన్‌లో ఈ తలనొప్పి ఎక్కువగా ఉండేది. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి నాన్-ఫ్రీ ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్‌లోనే ఇస్తున్నారు, చాలా మటుకు తీరింది.

రియల్‌టెక్ చిప్‌ల విషయంలో కెర్నల్ వెర్షనే అన్నీ తేలుస్తుంది. యూనేమ్ పక్కన హైఫన్ ఆర్ కొడితే మీది తెలుస్తుంది. తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో బాగా కనబడే 8821సీఈకి 5.9 నుంచి కెర్నల్‌లోనే డ్రైవర్ ఉంది. 8821సీయూ, 8822బీయూ డాంగిళ్లకు 6.2 నుంచి, 8811ఏయూ, 8812ఏయూలకు 6.14 నుంచి వచ్చింది. కెర్నల్ 6.8తో వచ్చిన ఉబుంటు 24.04లో 8821సీయూ దానంతటదే పనిచేస్తుంది, 8811ఏయూ చెయ్యదు. అలాంటప్పుడు బయటి డ్రైవర్ వెతకడం కంటే కొత్త హార్డ్‌వేర్ కోసం ఉబుంటు ఇచ్చే హెచ్‌డబ్ల్యూఈ కెర్నల్ వేసుకోవడమే మేలు.

బ్రాడ్‌కామ్ 43142 లాంటి పాత కార్డులకు వేరే దారి లేదు. ఉబుంటులో బీసీఎండబ్ల్యూఎల్-కెర్నల్-సోర్స్, డెబియన్‌లో బ్రాడ్‌కామ్-ఎస్‌టీఏ-డీకేఎంఎస్ వెయ్యాల్సిందే. ఉబుంటులో అయితే ‘అడిషనల్ డ్రైవర్స్’ విండోలో ఒక క్లిక్‌తో అయిపోతుంది. పనిచేస్తుంది గానీ, కంపెనీ ఆ డ్రైవర్‌ను పట్టించుకోవడం మానేసి చాలా ఏళ్లయింది. అది దృష్టిలో పెట్టుకోండి.

ఇలా బయటి నుంచి వేసే డ్రైవర్లతో రెండు చిక్కులు. మొదటిది సెక్యూర్ బూట్, అంటే నమ్మకమైన సంతకం లేని కోడ్‌ను ఆపే ఏర్పాటు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీబూట్‌లో నీలి తెర వచ్చి 10 సెకన్లు మాత్రమే ఆగుతుంది. ఆలోపు ఏదో ఒక కీ నొక్కి, ‘ఎన్‌రోల్ ఎంఓకే’ ఎంచుకుని, అదే పాస్‌వర్డ్ కొట్టాలి. చాలామంది ఆ తెరను వదిలేస్తారు. అలా వదిలేస్తే డ్రైవర్ ఉన్నా కెర్నల్ దాన్ని లోపలికి రానివ్వదు, ‘కీ రిజెక్ట్ అయింది’ అంటుంది.

రెండోది ఇంకా విసిగిస్తుంది. బాగా పనిచేస్తున్న వైఫై ఒకరోజు అప్‌డేట్ తర్వాత మాయమవుతుంది. కెర్నల్ మారినప్పుడల్లా డీకేఎంఎస్ అనే సాధనం ఆ డ్రైవర్‌ను మళ్లీ కంపైల్ చెయ్యాలి. దానికి కొత్త కెర్నల్ హెడర్లు, అంటే కంపైల్ చెయ్యడానికి అవసరమైన ఫైళ్లు, కావాలి. అప్పటి కెర్నల్ వెర్షన్‌కి సరిపోయే హెడర్లు మాత్రమే వేసి వదిలేస్తే తర్వాతి అప్‌డేట్‌కి అవి రావు. లినక్స్-హెడర్స్-జెనరిక్ ప్యాకేజీ వేసుకుంటే ప్రతిసారీ వాటంతటవే వస్తాయి. అయినా ఒక్కోసారి కెర్నల్ లోపలి ఫంక్షన్లు మారిపోయి పాత కోడ్ కంపైల్ కాదు. డీకేఎంఎస్ స్టేటస్ కొడితే ఏ కెర్నల్‌కి ఇన్‌స్టాల్ అయిందో, దేనికి కాలేదో కనబడుతుంది. అప్పటికి బూట్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’లోకి వెళ్లి పాత కెర్నల్‌తో బూట్ చేస్తే వైఫై తిరిగొస్తుంది. మెనూ రాకపోతే ఆన్ చెయ్యగానే ఈఎస్‌సీ గానీ షిఫ్ట్ గానీ నొక్కాలి. కెర్నల్‌లోకే డ్రైవర్ వచ్చేశాక మాత్రం పాత డీకేఎంఎస్ ప్యాకేజీ తీసెయ్యండి, రెండూ ఉంటే గొడవపడతాయి.

కనెక్ట్ అయ్యాక కూడా కొన్ని ఇబ్బందులుంటాయి. రియల్‌టెక్ 8723బీఈ ఉన్న ల్యాప్‌టాప్‌లలో రౌటర్ పక్కన కూర్చుంటే తప్ప సిగ్నల్ అందకపోతే, యాంటెన్నా ఒకటే ఉండి అది రెండో కనెక్టర్‌కి తగిలించి ఉంటుంది. డ్రైవర్ల సెట్టింగులు ఉండే మోడ్‌ప్రోబ్ కాన్ఫిగరేషన్‌లో ఆ డ్రైవర్‌కు ఏఎన్‌టీ అండర్‌స్కోర్ ఎస్ఈఎల్ విలువ 1 గానీ 2 గానీ ఇచ్చి చూడండి, తేడా వెంటనే కనబడుతుంది. నెట్ మాటిమాటికీ తెగుతుంటే కరెంటు ఆదా కోసం ఉండే వైఫై పవర్‌సేవ్ ఆగేలా నెట్‌వర్క్ మేనేజర్ సెట్టింగుల ఫైలులో దాని విలువను 3 నుంచి 2కి మార్చండి. విండోస్ కూడా ఉన్న మెషీన్ అయితే అందులో ఫాస్ట్ స్టార్టప్ ఆపెయ్యండి. అది ఆన్‌లో ఉంటే విండోస్ పూర్తిగా ఆగదు, కార్డు లినక్స్‌కి సరిగ్గా దొరకదు.

వైర్డ్ కార్డుల గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. రియల్‌టెక్ 8111, 8168 రెండూ కెర్నల్‌లోని ఆర్8169 డ్రైవర్‌తో బాగానే నడుస్తాయి.

కొత్తగా కొనేవాళ్లకు: డాంగిల్ అయితే మీడియాటెక్ 7612యూ చిప్ ఉన్నది తీసుకోండి, కెర్నల్ 4.19 నుంచి డ్రైవర్ ఉంది. 2.4 గిగాహెర్ట్జ్ చాలనుకుంటే ఏఆర్9271. లోపలి కార్డు మార్చేటట్టయితే ఇంటెల్ ఏఎక్స్200 గానీ ఏఎక్స్210 గానీ, ఎం.2 స్లాట్ ఉంటే. వీటికి కెర్నల్ వరుసగా 5.1, 5.10 లేదా ఆపైది కావాలి. పేరు దగ్గరగా ఉందని ఏఎక్స్201, ఏఎక్స్211 కొనకండి, అవి వాటికి తగిన ఇంటెల్ బోర్డుల్లోనే పనిచేస్తాయి, ఏఎండీ ల్యాప్‌టాప్‌లో అసలు కనబడవు. కొన్ని పాత ల్యాప్‌టాప్‌లలో ఆన్ చెయ్యగానే ముందు నడిచే బయోస్ తన లిస్టులో లేని కార్డు పెడితే బూట్ అవనివ్వదు, కాబట్టి మీ మోడల్‌కి ఆ అడ్డు ఉందో లేదో డబ్బు కట్టకముందే కనుక్కోండి. షాపులో కుదిరితే, ఇన్‌స్టాల్ చెయ్యకుండానే లినక్స్ నడిపే లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, కార్డు పెట్టి, అక్కడే నెట్ వచ్చిందో లేదో చూసుకుని తీసుకోండి.