"స్కిమ్మర్ గ్యారంటీ" అన్న పడవ యాత్ర పోస్టర్ వస్తే డబ్బు కట్టకండి

నల్గొండ, దేవరకొండ, నాగర్‌కర్నూల్, మహబూబ్‌నగర్ వైపు పక్షులంటే ప్రాణం పెట్టేవాళ్లందరికీ చేరాలని ఇది రాస్తున్నాను. "కృష్ణమ్మ మీద అరుదైన పక్షుల పడవ యాత్ర, ఇండియన్ స్కిమ్మర్ గ్యారంటీ" అనే పోస్టర్ మీ వాట్సాప్‌కు వచ్చి ఉంటే, అడ్వాన్సు పంపేముందు ఒక్క ఐదు నిమిషాలు ఇది చదవండి. మార్చి ఆఖరి ఆదివారం మేం నలుగురం పోయొచ్చాం. మనిషికి 2,200 చొప్పున 8,800 రూపాయలు పోయాయి. ఆ డబ్బు కంటే పెద్ద నష్టం ఒకటి కళ్లముందే జరిగింది. రాయాల్సింది దాని గురించే.

యాత్ర నడిపేవాళ్ల పేరు రాయడం లేదు. నాకు తెలిసి ఇప్పటికే రెండు పేర్లు మార్చారు, ఇంకోటి మార్చడం వాళ్లకు పెద్ద పని కాదు. పద్ధతిని గుర్తుపట్టండి చాలు.

మా పాప ఎనిమిదో తరగతి. ఆదివారం పొద్దున అయితే పానగల్లు ఉదయసముద్రం కట్టమీద ఉంటాం మేమిద్దరం. నత్తగుల్ల కొంగలు, తెడ్డుమూతి కొంగలు, నీటికాకులు, లకుముకి పిట్టలు ఇట్లా చూసినవన్నీ తేదీతో సహా ఒక రూళ్ల నోటుబుక్కులో రాసుకుంటుంది. ఆ పుస్తకం వెనక పేజీలో "చూడాల్సినవి" అని ఒక జాబితా ఉంది. అందులో మొదటి పేరు స్కిమ్మర్. అందుకే పోస్టర్ చూడగానే నా మనసు ఆగలేదు. ముందూ వెనకా చూడకుండా సగం డబ్బు యూపీఐలో పంపేశాను. మిగతా సగం రేవు దగ్గర ఇచ్చాను. నాలాగా పిల్లల ఆశ చూసి తొందరపడే తల్లిదండ్రులే వాళ్లకు గిరాకీ అని ఇప్పుడు అర్థమైంది.

పోస్టర్‌లో రెండు బొమ్మలు. ఒకటి తలమీద రెండు నల్ల పట్టీలుండే బార్ హెడెడ్ గూస్ అనే బాతు. ఇంకోటి ఇసుకతిన్నె మీద వరుసగా కూర్చున్న స్కిమ్మర్లు. ఆ బాతులు మంగోలియా, టిబెట్, లద్దాఖ్ వైపు గుడ్లు పెట్టి, హిమాలయాలు దాటి చలికాలానికి మన జలాశయాలకు వస్తాయి. మార్చి వచ్చిందంటే తిరుగుదారి పడతాయి. ఆఖరి వారంలో వాటిని చూపిస్తానన్న మాట దగ్గరే నాకు అనుమానం రావాల్సింది. ఇక స్కిమ్మర్ సంగతి. అది గుడ్లు పెట్టేది చంబల్, మహానది లాంటి పెద్ద నదుల ఇసుక దిబ్బల మీద. మన తెలుగు నేలమీద చూడాలంటే చలికాలంలో కాకినాడ దగ్గర కోరింగ తీరానికి పోవాలి, అక్కడైనా అదృష్టం ఉండాలి. ప్రపంచం మొత్తమ్మీద అంతరించే ప్రమాదంలో ఉన్న పక్షి అది. దానికి గ్యారంటీ ఇచ్చేవాడు ఎవడైనా సరే, ఆ పక్షి గురించి తెలియనివాడో, తెలిసీ అబద్ధం చెప్పేవాడో అయ్యుంటాడు.

పొద్దున 5:30కల్లా రేవులో ఉండమన్నారు. చీకట్లోనే ఇంట్లో బయలుదేరి ఆ టైముకు అక్కడ ఉన్నాం. పడవ వచ్చేసరికి 8:45. డీజిల్ తేవడానికి పోయిండన్నారు. పక్షులను చూసేవాళ్లకు పొద్దుటి ఆ రెండు మూడు గంటలే బంగారం. ఎండ ఎక్కిందంటే సగం పిట్టలు నీడ పట్టుకుంటాయి, నీళ్లమీద మెరుపు తప్ప బైనాక్యులర్‌లో ఏమీ కనిపించదు.

వచ్చింది మనుషులను, బైకులను అవతలి గట్టుకు దాటించే ఇనుప పడవ. పద్నాలుగు మందిమి ఎక్కాం. లైఫ్ జాకెట్లు ఐదు. మా పాపకు ఇచ్చినదానికి బకిల్ లేదు, పాత పంచె అంచు చింపి ముడి వేశారు. చేత్తో నొక్కితే లోపలి ఫోమ్ పిండిలాగా రాలుతోంది. అడిగితే పడవతను, "ఏం గాదు సార్. ఎండాకాలం నీళ్లు తక్కువుంటయి. నేను పుట్టినకాన్నుంచి గీ నీళ్లల్లనే ఉన్న" అన్నాడు. అతను అబద్ధం చెప్పాడని అనను, అతని నమ్మకం అది. కానీ డ్యాం వెనక నీళ్లు ఒడ్డున తగ్గినంత మాత్రాన నడిమధ్య లోతు తగ్గదు, అక్కడ మునిగి ఉన్నది కొండల నడుమ లోయ. 2007లో మంచాలకట్ట దగ్గర పడవ మునిగిన సంగతి పాలమూరు వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగిన పడవలో మన తెలంగాణ వాళ్లు ఎంతమంది ఉన్నారో గుర్తుంది కదా. ఆ రోజు అక్కడే దిగిపోవాల్సింది. దిగలేదు. ఆ తప్పు నాదే, అందుకే చెబుతున్నాను: జాకెట్లు తలకొకటి లేకపోతే డబ్బు పోయినా సరే, ఎక్కకండి.

పడవ కదలగానే స్పీకర్ పెట్టారు. పాటలు ఆపమని మా ఆవిడ అడిగితే తగ్గించారు గానీ ఆపలేదు. ఇంజన్ మోతకు అర కిలోమీటరు దూరంలోని కొంగలు లేచిపోతున్నాయి. అవి లేవడమే వీళ్లకు కావాల్సింది. బురదగట్టు మీద మేస్తున్న నత్తగుల్ల కొంగల గుంపు కనపడితే చాలు, వేగం పెంచి నేరుగా వాటిమీదికి తోలడం, ఎగిరేటప్పుడు అందరూ ఫోన్లు ఎత్తి వీడియో తీయడం. మూడుసార్లు ఇదే తంతు. వాటి ఆకలి సంగతి ఎవరికీ పట్టలేదు.

గైడ్ అని వచ్చిన కుర్రాడు కాసేపటికి చేయి చాపి "అదిగో స్కిమ్మర్" అని అరిచాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మా పాప బైనాక్యులర్ దించి మెల్లగా, "నాన్నా, అది రివర్ టెర్న్. కింది ముక్కు పొడుగ్గా లేదు" అంది. పాప చెప్పిందే నిజం. స్కిమ్మర్‌కు పైముక్కు పొట్టి, కిందిముక్కు పొడుగు. నోరు తెరుచుకుని, ఆ కిందిముక్కును నీళ్లలో ముంచి, గీత గీసినట్టు ఎగురుతూ చేప తగలగానే టక్కున మూస్తుంది. వీపు నల్లగా ఉంటుంది. టెర్న్‌కు వీపు బూడిద రంగు, పసుపు ముక్కు, నెత్తిమీద నల్ల టోపీ, ఎర్రకాళ్లు. పైనుంచి తలకిందులుగా నీళ్లలోకి దూకి చేపను పడుతుంది. ఈ ఒక్క తేడా గుర్తుపెట్టుకుంటే ఎవరూ మిమ్మల్ని మోసం చేయలేరు.

కుర్రాడితో ఆ మాటే చెప్పాను. మొహం చిన్నబుచ్చుకున్నాడు. పడవలో గొణుగుడు మొదలైంది, ఏమీ చూపించలేదని. అప్పుడు వాళ్లు చేసిన పనే నాకు నిద్రపట్టనివ్వడం లేదు.

"దగ్గరికెళ్లి చూపిస్త పట్టుండ్రి" అని పడవను ఒక రాతిదిబ్బకు కట్టారు. ఎండాకాలం నీళ్లు దిగినప్పుడు బయటపడే చిన్న దిబ్బ, మా స్కూలు గ్రౌండంత కూడా ఉండదు. మేం అంచు తాకకముందే టెర్న్‌లన్నీ ఒక్కసారిగా లేచాయి. తలల మీదికి దూకుతున్నాయి, అరుస్తున్నాయి. జనం దాన్ని కూడా వీడియో తీస్తూ దిగారు. మా ఆవిడ ముందు గమనించింది. "ఆగుండ్రి, కాళ్ల కింద చూడుండ్రి" అని గట్టిగా కేకేసింది.

నేను వంగి చూశాను. ఇసుకలో అరచేయంత గుంట. గడ్డి లేదు, పుల్ల లేదు. అందులో మూడు గుడ్లు, బూడిద మట్టిరంగు మీద గోధుమరంగు మచ్చలు. పక్కనున్న గులకరాళ్లకు, వాటికి తేడా కనుక్కోవడానికి నాకు కాసేపు పట్టింది. తల తిప్పితే రెండడుగుల్లో ఇంకో గుంట. దాని అవతల ఇంకోటి. ఆ అవతలి దాంట్లో ఒక గుడ్డు చితికి ఉంది, పచ్చసొన ఇసుకలో ఇంకుతోంది, పక్కన చెప్పు అచ్చు. ఆ చెప్పు ఎవరిదో వెతకలేదు. ఎవరైనా తెలిసి తొక్కింది కాదు, అక్కడ దింపినవాళ్లకు తెలుసు.

అప్పుడు టైం 10:40. అందరినీ మళ్లీ పడవెక్కించేసరికి ఇరవై ఐదు నిమిషాలు. మార్చి ఎండలో రాయి ఎట్లా కాలుతుందో మన జిల్లాలో పుట్టినవాళ్లకు తెలుసు. ఈ పక్షి గుడ్లమీద కూర్చునేది వెచ్చదనం కోసమే కాదు, ఎండ తగలకుండా నీడ పట్టడానికి కూడా. నీళ్లకు పోయి పొట్ట ఈకలు తడుపుకొని వచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. అది పైన అరుస్తూ తిరిగినంతసేపూ కింద గుడ్డు ఉడుకుతుంది. మేం పడవెక్కుతుంటే రెండు కాకులు వచ్చి దిబ్బ కొసన వాలాయి. వెనక్కి తిరిగి చూడొద్దని పాపతో అన్నాను. అది చూసింది.

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వేట అన్న మాటకు ఇచ్చిన అర్థం చదవండి. పక్షి గుడ్లను పాడుచేయడం, గుడ్లనుగానీ గూళ్లనుగానీ కదిలించి ఇబ్బంది పెట్టడం కూడా అందులోకే వస్తుంది. మనం టికెట్టు కొనుక్కుని పోయి చేసి వచ్చే పనికి చట్టంలో ఉన్న పేరు అది. పైగా కృష్ణ వెంట కొంతమేర అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉంది, అక్కడ గట్టుమీద దిగాలంటే అటవీశాఖ అనుమతి కావాలి.

ఇంటికొచ్చాక డబ్బు వాపసు అడిగాను. వచ్చిన జవాబు: "పిట్టలు మా చేతుల ఉంటాయా సార్? రెక్కలున్నయి, ఎగిరిపోతయి." మరి పోస్టర్ మీద గ్యారంటీ అని ఎందుకు రాశారంటే ఫోన్ పెట్టేశారు. పది నిమిషాల్లో నన్ను గ్రూపులోంచి తీసేసి, పోస్టర్ డిలీట్ చేశారు. కానీ పాప బొమ్మ గీసుకుందామని దాన్ని ముందే దాచుకుంది. రాత్రి దాన్ని పెద్దది చేసి చూస్తూ నన్ను పిలిచింది. స్కిమ్మర్ల వెనక ఇసుకమీద సన్నటి పొడుగాటి మూతితో మొసలి పడుకుని ఉంది. అది ఘరియాల్. మన కృష్ణలో ఉండేవి మగ్గర్ మొసళ్లు, ఘరియాల్ లేదు. చంబల్ లాంటి ఏదో ఉత్తరాది నది ఫొటో తెచ్చి మన రేవు పేరు అచ్చేశారన్నమాట. ఫొటోలో పక్షిని చూసినంత శ్రద్ధగా పక్షి వెనక ఏముందో చూడండి.

ఆ పోస్టర్, యూపీఐ రసీదు, చాట్ స్క్రీన్‌షాట్లు జతచేసి 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. మీరు కూడా ఇలా చిక్కుకుంటే ముందు స్క్రీన్‌షాట్లు తీసిపెట్టుకోండి, ఫోన్ మాటలు తర్వాత. డబ్బు తీసుకుని అసలు యాత్రే లేకుండా మాయమైతే అది 1930 సైబర్ నేరాల నంబరు పని.

పడవమీద పక్షులు చూడటమే తప్పని నేను అనడం లేదు. బామ్మర్ది ఇంటికొచ్చాక "ఇంక పడవ మాటెత్తకు బావా" అన్నాడు, కానీ నాకు అట్లా అనిపించలేదు. డిసెంబరు, జనవరి నెలల్లో చేపలు పట్టే అన్న ఎవరైనా ఒప్పుకుంటే, పుట్టిలో ఇద్దరు ముగ్గురు కూర్చుని తెడ్డుతో నెమ్మదిగా పోతే కొంగ తన మేత మానదు. జాకెట్లు మాత్రం మీరే కొనుక్కుని పోండి. ఇంజన్ పడవ అయితే రిజిస్ట్రేషన్, పడవను తనిఖీ చేసి ఇచ్చే సర్వే సర్టిఫికెట్ చూపించమని అడగండి, 2021 లోతట్టు నౌకల చట్టం ప్రకారం రెండూ ఉండాలి. డబ్బు కట్టేముందు ఈబర్డ్ యాప్‌లో మీరు పోయే చోట ఆ నెలలో ఎవరు ఏమేం చూశారో వెతకండి. అక్కడ ఎప్పుడూ ఎవరికీ కనపడని పక్షి మీ 2,200 కోసం వచ్చి వాలదు. ఇంకో ప్రశ్న తప్పకుండా అడగండి: "దిబ్బల మీద దింపుతారా?" దింపుతామని సంతోషంగా చెప్పేవాళ్లతో ఎండాకాలం అసలు పోవద్దు.

పడవతని మీద నాకు కోపం లేదు. దిగేటప్పుడు అడిగితే డీజిల్‌తో కలిపి తనకు 2,500 ఇస్తారన్నాడు. మా పద్నాలుగు మంది దగ్గర వసూలైంది 30,800.

నిన్న అదే పోస్టర్ కొత్త పేరుతో మా కాలనీ గ్రూపులోకి వచ్చింది. "ఈ ఆదివారం, నల్గొండ క్లాక్‌టవర్ నుంచి పికప్, దిబ్బమీద ఫొటోషూట్ ఉచితం" అని ఉంది. టెర్న్ గుడ్లు పొదగడానికి సుమారు మూడు వారాలు పడుతుంది. మేం చూసిన గుడ్లలో మిగిలినవి ఏవైనా ఉంటే ఈ ఆదివారానికి ఇంకా ఆ ఇసుకలోనే ఉంటాయి. మీ గ్రూపుకు వస్తే అక్కడే ఈ సంగతి రాయండి, ఒక్కరు కూడా బుక్ చేయకుండా చూడండి.